యాషికా మ్యాట్ 124జీలో మొదటి రీలు: వేసే ముందు, తీసేటప్పుడు, కడిగాక

మీరు అడిగింది ఇది: తాతగారు స్టూడియోలో వాడిన ఫిల్మ్ కెమెరా, యాషికా మ్యాట్ 124జీ, అటక మీద తోలు కేసులో దొరికింది. క్రాంక్ (ఫిల్మ్‌ను ముందుకు జరిపే పిడి) తిరుగుతోంది, షట్టర్ టక్కుమంటోంది, వెలుతురు కొలిచే మీటర్ ముల్లు మాత్రం కదలడం లేదు. ఫిల్మ్ కొని వేసేయొచ్చా, ఎక్కడ మొదలుపెట్టాలి?

వేయొచ్చండి, కాకపోతే ముందు ఓ రెండు సాయంత్రాలు ఫిల్మ్ లేకుండానే కెమెరాతో కూర్చోండి. ఈ మోడల్ 1970 నుంచి 1986 వరకు తయారైంది. అంటే మీ చేతిలో ఉన్నది ఎంత కొత్తదైనా నలభై ఏళ్ల వస్తువు. లోపల గ్రీజు గట్టిపడి ఉంటుంది, స్పాంజి పట్టీలు జిగురుగా మారి ఉంటాయి. మొదటి రీలు చెడిపోతే చాలామంది కెమెరా పోయిందనుకుని మళ్లీ అటక ఎక్కించేస్తారు. నిజానికి ఆ తప్పుల్లో చాలా వరకు రీలు వేయకముందే కంటికి కనిపించేవే.

అన్నిటికన్నా ముందు ఆ తోలు కేసు తీసేయండి. చూడ్డానికి అందంగా ఉంటుంది గానీ తోలు తేమను పీల్చి పట్టుకుంటుంది, లెన్సుల్లో బూజు పుట్టేది అందులోనే. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో ఉన్నవాళ్లయితే అసలు ఉపేక్షించకూడదు. కేసు విడిగా దాచుకోండి. కెమెరాను గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. రంగు మారే జెల్ అయితే ఎప్పుడు వేడిచేసి ఆరబెట్టాలో దానంతట అదే చెబుతుంది. డబ్బాలో చిన్న తేమ మీటర్ పెట్టి 40 నుంచి 50 శాతం మధ్య ఉంచితే చాలు. మరీ ఎండబెట్టినా మంచిది కాదు.

ఇప్పుడు కెమెరా చూద్దాం. ముందు భాగంలో రెండు లెన్సులున్నాయి కదా. పైది 80 మి.మీ. ఎఫ్/2.8, అది మీరు చూడటానికి మాత్రమే. బొమ్మ తీసేది కిందిది, 80 మి.మీ. ఎఫ్/3.5 యాషినాన్, నాలుగు గాజులతో కట్టిన లెన్సు. పైదాని మీద గీతలున్నా, కాస్త మసకగా ఉన్నా ఫోటోకి నష్టం లేదు. కిందిదాన్నే పరీక్షగా చూడాలి. షట్టర్‌ను 'బి'లో (నొక్కినంతసేపు తెరిచే ఉండే స్థానంలో) పెట్టి, కేబుల్ రిలీజ్ (మీటను దూరం నుంచి నొక్కే తీగ) బిగించి, షట్టర్ తెరుచుకున్న స్థితిలో తాళం వేయండి. అపర్చర్ (లెన్సులో వెలుతురు దూరే రంధ్రం, ఎఫ్ పక్కన అంకె చిన్నదైతే రంధ్రం పెద్దది) పూర్తిగా తెరిచి, వెనక మూత తీసి, ఫోన్ టార్చ్‌ను ఏటవాలుగా వేసి చూడండి. సాలెగూడు పోగుల్లా కనిపిస్తే బూజు. పొగ పట్టినట్టు ఉంటే లోపలి గాజుల మీద ఆవిరి పొర. సన్నటి ధూళి రేణువులు నాలుగు ఉంటే పట్టించుకోనక్కర్లేదు. బూజు అంచుల్లోనే ఉంటే బొమ్మలో తేడా దాదాపు తెలియదు, మధ్యలో ఉంటే ఎదురు వెలుతురులో బొమ్మ తెల్లబారుతుంది. లోపలి గాజులు మీరు విప్పకండి.

హుడ్ (కెమెరా పైన తెరుచుకునే, బొమ్మ చూసే మూత) కింద లోపల ఉండే అద్దాన్ని గుడ్డతో తుడవొద్దు. దానికి వెండి పూత పై వైపునే ఉంటుంది. మెత్తటి గుడ్డతో ఒక్కసారి రుద్దినా గీతలు పడతాయి, పూత ఊడుతుంది. బ్లోయర్‌తో గాలి కొట్టి వదిలేయండి.

షట్టర్ టక్కుమంటోందంటే సరిగ్గా ఉన్నట్టు కాదు. ఇందులో ఉన్న కోపాల్ ఎస్‌వీ షట్టర్ 1 సెకను నుంచి 1/500 సెకను వరకు పనిచేయాలి. ఏళ్ల తరబడి వాడకపోతే ముందు మొండికేసేది నెమ్మది వేగాలు. 1 సెకనులో పెట్టి నొక్కి చెవి దగ్గర పెట్టుకుంటే లోపలి పళ్లచక్రాలు సమంగా తిరుగుతున్న సన్నని చప్పుడు వినిపించాలి. మధ్యలో ఆగి ఆగి నడిచినా, మూసుకోకుండా ఉండిపోయినా గ్రీజు బిగుసుకుందని అర్థం. 1/15, 1/30, 1/60 వేగాలను ఫోన్‌తోనే కొలవొచ్చు. లెన్సు మీద బాగా వెలుతురు పడేలా కెమెరాను బల్ల మీద పెట్టి, ముందు నుంచి సెకనుకి 240 ఫ్రేముల స్లోమోషన్‌లో వీడియో తీయండి. తర్వాత ఒక్కో ఫ్రేము జరుపుతూ రెక్కలు తెరుచుకున్న ఫ్రేములు లెక్కపెట్టండి. 1/15కి 16, 1/30కి 8, 1/60కి 4 రావాలి. 1/30కి 8 బదులు 12 వస్తే మీ షట్టర్ నిజంగా ఇస్తున్నది 1/20. నెగెటివ్ ఫిల్మ్ ఆ తేడాను భరిస్తుంది. 16 దాటితే సర్వీసింగ్ చేయించాల్సిందే. 1/250, 1/500 లాంటి వేగాలను ఇలా కొలవలేం. పాత షట్టర్లలో 1/500 అనేది అంతకన్నా నెమ్మదిగా ఉండటం మామూలే కాబట్టి దాని మీద మరీ ఆధారపడకండి.

షట్టర్‌లో నూనె చుక్క వేయమనో, లైటర్ పెట్రోలు పోయమనో ఎవరైనా చెబితే వినొద్దు. అది కాసేపు కదులుతుంది, తర్వాత కరిగిన గ్రీజు రెక్కల మీదకు పాకి మొత్తం అతుక్కుపోతుంది. చిన్న రిపేరు పెద్దదయ్యేది ఇలాగే.

ఇంకో మూడు జాగ్రత్తలు. సెల్ఫ్ టైమర్ మీట జోలికి పోకండి. పాత కెమెరాల్లో అది మధ్యలో ఆగిపోతే షట్టర్ మొత్తం బిగుసుకుంటుంది. ఫ్లాష్ కోసం ఉండే ఎం, ఎక్స్ మీటను ఎప్పుడూ ఎక్స్ వైపే ఉంచండి. ఎం పాతకాలపు బల్బులకు. 1/500 వాడాలనుకుంటే క్రాంక్ తిప్పకముందే వేగాల చక్రాన్ని అక్కడికి తిప్పుకోవడం క్షేమం. తిప్పాక బిగుతుగా అనిపిస్తే బలం పెట్టొద్దు.

వెనక మూత అంచుల్లో, కీలు దగ్గర నల్లటి స్పాంజి పట్టీలుంటాయి. వేలితో నొక్కితే తారులా అంటుకుంటే అవి పోయాయి, వెలుతురు లోపలికి కారుతుంది. ఐస్‌క్రీం పుల్లతో గీకి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూది పుల్లతో తుడిచి, ఒకటిన్నర రెండు మిల్లీమీటర్ల మందం ఉన్న కొత్త స్పాంజి అతికించండి. అది దొరక్కపోతే నల్ల ఉన్ని దారం కూడా పనిచేస్తుంది. గీకేటప్పుడు కెమెరాను బోర్లా పట్టుకోండి, ఆ ముక్కలు లోపల పడకూడదు.

మీటర్ సంగతి. అది చచ్చిపోయిందని అప్పుడే తీర్మానించకండి. ఆ మీటర్ 1.35 వోల్టుల పాదరసం బ్యాటరీ, పీఎక్స్ 625 కోసం చేసింది. పాదరసం బ్యాటరీల తయారీ ఆగిపోయి చాలా ఏళ్లయింది. లోపల ఇంకా పాతది ఉంటే తీసి విడిగా పెట్టండి, చెత్తలో వేయొద్దు. అదే కొలతలో దొరికే ఆల్కలైన్ బ్యాటరీ 1.5 వోల్టులు ఇస్తుంది, పైగా వాడేకొద్దీ తగ్గుతుంది, మీటర్ తప్పు చూపిస్తుంది. మేలైన దారి వినికిడి యంత్రాల దుకాణంలో దొరికే 675 నంబరు జింక్ ఎయిర్ బ్యాటరీ. దాని వోల్టేజీ 1.4కి దగ్గర, చివరిదాకా దాదాపు నిలకడగా ఉంటుంది. సైజు చిన్నది, 11.6 మి.మీ. వెడల్పే, కాబట్టి చుట్టూ ఓ రబ్బరు రింగు పెట్టాలి. స్టిక్కర్ పీకాక కొన్ని వారాల్లో అయిపోతుందని గుర్తుంచుకోండి. ఇంత చేసినా ముల్లు కదలకపోతే దాన్ని మర్చిపోండి. షట్టర్ నడవడానికి మీటర్ అవసరం లేదు. బ్యాటరీ లేకుండా కెమెరా మొత్తం పనిచేస్తుంది. ఫోన్‌లో లైట్ మీటర్ యాప్ సరిపోతుంది.

ఫోకస్ కూడా ఒకసారి సరిచూడాలి. గ్రౌండ్ గ్లాస్ (హుడ్ లోపల బొమ్మ కనిపించే మసక గాజు) మీద పదునుగా కనిపించింది ఫిల్మ్ మీద కూడా పదునుగా పడుతుందా అనేది వేరే ప్రశ్న. ఇంతకు ముందు చెప్పినట్టే షట్టర్ తెరిచి తాళం వేసి, వెనక ఫిల్మ్ ఆనుకునే లోపలి పట్టీల మీద మసక టేపు బిగుతుగా అంటించండి. అపర్చర్ ఎఫ్/3.5. దూరంగా ఉన్న సెల్ టవర్ మీద పైనుంచి ఫోకస్ చేసి, టేపు మీద పడ్డ బొమ్మను భూతద్దంతో చూడండి. తర్వాత ఒకటిన్నర మీటరు దూరంలో గోడకు వార్తాపత్రిక అంటించి అదే చేయండి. రెండు చోట్లా కలిస్తే మంచిదే. కలవకపోతే ఎవరో మధ్యలో విప్పి సరిగా బిగించలేదన్నమాట, మెకానిక్ పని.

ఇవి దాటితే ఫిల్మ్. కావలసింది 120 సైజు. 1901లో కొడాక్ తెచ్చిన ఈ సైజు ఇప్పటికీ నిక్షేపంగా దొరుకుతోంది. మీకు ఒక రీలుకి 56 మి.మీ. చతురస్రాలు 12 వస్తాయి. మొదటి రీలుకి నా ఓటు ఇల్ఫోర్డ్ హెచ్‌పీ5 ప్లస్ లాంటి 400 వేగం (వెలుతురుకి స్పందించే చురుకు) నలుపుతెలుపు ఫిల్మ్‌కే. కొలతలో ఒక స్టాప్ (వెలుతురు రెట్టింపు లేదా సగం) అటూ ఇటూ అయినా బొమ్మ నిలబడుతుంది, ఇంట్లోనే కడుక్కోవచ్చు. రంగుల్లోనే కావాలంటే కొడాక్ గోల్డ్ 200 చాలు. స్లైడ్ ఫిల్మ్ (నెగెటివ్ కాకుండా నేరుగా అసలు రంగుల బొమ్మ వచ్చేది) ఇప్పుడు వద్దు, అరస్టాప్ తప్పినా క్షమించదు. మే నెలలో ఫిల్మ్‌ను కారులో వదలకండి. వేడికీ తేమకీ వెనక కాగితం మీది అంకెలు ఫిల్మ్ మీద అచ్చుపడే ప్రమాదం ఉంది. ఫ్రిజ్‌లో దాచుకుంటే వాడే ముందు కవరు విప్పకుండా గంటా రెండు గంటలు బయట పెట్టండి.

రీలు వేయడం మాత్రం తొందరపడకుండా చేయండి. ఓ గడువు దాటిన చవక రీలును బలిచ్చి, పట్టపగలే కళ్లతో చూస్తూ నాలుగైదుసార్లు వేసి తీసి నేర్చుకోండి. అది దండగ కాదు. అసలు పద్ధతి ఇలా. నీడలో కూర్చుని, అడుగున ఉన్న చక్రాన్ని తిప్పి వెనక మూత తెరవండి. ప్రెషర్ ప్లేట్ (మూత లోపల ఫిల్మ్‌ను నొక్కి పట్టే రేకు) 120 స్థానంలో, అంటే 12 ఫోటోల గుర్తు మీద ఉందో లేదో చూడండి. 220 (రెట్టింపు పొడవున్న రీలు) మీద ఉంటే మార్చాలి. కింది గదిలో ఉన్న ఖాళీ స్పూల్‌ను (ఫిల్మ్ చుట్టుకునే కండెను) తీసి పై గదిలో పెట్టండి. ఖాళీ స్పూల్ అసలే లేకపోతే ఏదైనా ల్యాబ్‌లో అడగండి, 120 కడిగేచోట కుప్పలుగా ఉంటాయి. కొత్త రీలును పక్క గుబ్బ బయటికి లాగి కింది గదిలో కూర్చోబెట్టండి. కాగితం కొస పైకి లాగినప్పుడు అక్షరాలున్న వైపు మీకు కనిపించాలి, నల్లటి వైపు లెన్సుకు ఎదురుగా ఉండాలి. కొసను పై స్పూల్ చీలికలో నేరుగా దూర్చి, వంకర లేకుండా చూసి, క్రాంక్ నెమ్మదిగా తిప్పండి. తిప్పుతున్నంతసేపు రెండో చేతి బొటనవేలితో కింది రీలును కొద్దిగా ఆపి ఉంచండి. వదులుగా చుట్టుకున్న రీలు అంచుల్లోంచే వెలుతురు దూరుతుంది. కాగితం మీద బాణం గుర్తులు వస్తాయి. అవి బాడీ మీది 120 స్టార్ట్ గుర్తులకు ఎదురుగా రాగానే ఆపేయాలి. ఒక్క వేలెడు దాటిపోయినా చివరి ఫోటో దెబ్బతింటుంది. మూత వేసి, తాళం తిప్పి, క్రాంక్ దానంతట అది ఆగేవరకు తిప్పండి. ఫోటోల లెక్క 1 చూపిస్తుంది.

ఇక్కడ నుంచి ప్రతి ఫోటోకీ క్రాంక్ ముందుకు ఆగేవరకు, తర్వాత వెనక్కి ఆగేవరకు, ఆపైన మడిచి లోపలికి. సగంలో ఆపే అలవాటు చేసుకోకండి, ఫ్రేములు ఒకదాని మీద ఒకటి ఎక్కేది అందువల్లే.

హుడ్ తెరిస్తే బొమ్మ నిటారుగానే ఉంటుంది కానీ కుడి ఎడమలు తారుమారు. మనిషి కుడికి జారిపోతుంటే చెయ్యి తెలియకుండానే తప్పు వైపు తిప్పుతుంది. దీనికి కిటుకేం లేదు, ఓ అరగంట వీధిలో నడిచేవాళ్లను ఫిల్మ్ లేకుండా వెంబడిస్తూ చూడండి, చేతికి అదే వస్తుంది. గ్లాస్ మీది గీతలతో నేల మట్టం చూసుకోండి. భూతద్దం పైకి లేపి కళ్లకు ఆనించి ఫోకస్ చేయండి. ఎఫ్/3.5లో ఒకటిన్నర మీటరు దూరంలోని ముఖానికి పదును ఉండే లోతు 12 సెంటీమీటర్లకు మించదు. ఫోకస్ చేశాక మీరు కాస్త ఊగినా కన్ను పోయి చెవి పదునవుతుంది. అదే ఎఫ్/8లో మూడు మీటర్ల దగ్గర ఫోకస్ పెడితే సుమారు 2.5 నుంచి 3.7 మీటర్ల వరకు బాగుంటుంది. ఎఫ్/16లో 8 మీటర్ల మీద పెడితే 4 మీటర్ల నుంచి దిగంతం దాకా వచ్చేస్తుంది. వీధి ఫోటోలకి ఇదొక్కటీ గుర్తుపెట్టుకుంటే ఫోకస్ చేయనే అక్కర్లేదు.

మెడ పట్టీ పొడవును కెమెరా పొట్ట పై భాగంలో ఉండేలా సరిచేసి, రెండు చేతులతో కిందికి లాగి పట్టండి. పట్టీ బిగిసినప్పుడు వణుకు చాలా తగ్గుతుంది. అద్దం ఎగిరే దెబ్బ ఇందులో లేదు కాబట్టి 1/60 హాయిగా, ఊపిరి బిగబట్టి 1/30 కూడా తీయొచ్చు. అంతకన్నా నెమ్మదైతే స్టాండు. ఒక మాట, నడుము ఎత్తు నుంచి నిలువెత్తు మనిషిని తీస్తే పోలిక నిండుగా వస్తుంది. పాత స్టూడియో ఫోటోల్లో కనిపించే ఆ నిలకడలో ఈ ఎత్తుకూ వాటా ఉంది. ముఖం మాత్రమే తీసేటప్పుడు అదే ఎత్తు గడ్డాన్ని పెద్దది చేస్తుంది. ఎదుటి మనిషిని కూర్చోబెట్టండి, లేదా కెమెరాను స్టాండు మీద కంటి మట్టానికి ఎత్తండి.

దగ్గరి ఫోటోల్లో తలలు తెగడం కొత్తవాళ్లందరికీ జరిగేదే. చూసే లెన్సు పైన, తీసే లెన్సు కింద ఉండటం దీనికి కారణం. ఈ కెమెరా ఒక మీటరు వరకే దగ్గరికి వస్తుంది. ఒకటి, ఒకటిన్నర మీటర్లలో తీస్తుంటే తల పైన కొంచెం ఎక్కువ ఖాళీ వదలండి. స్టాండు మీదుంటే ఫోకస్ అయ్యాక రెండు లెన్సుల కేంద్రాల మధ్య దూరమంత కెమెరాను పైకి లేపి నొక్కండి, తేడా సున్నా.

వెలుతురు లెక్కకి 400 ఫిల్మ్‌తో ఇవి చాలు: నడినెత్తి ఎండలో 1/500, ఎఫ్/16, లేదా దానికి సమానమైన 1/250, ఎఫ్/22. పల్చటి మబ్బుకి ఎఫ్/11, బాగా మబ్బు పడితే ఎఫ్/8, ఇంటి అరుగు నీడలో ఎఫ్/5.6, అన్నీ 1/500 లెక్కలోనే. కిటికీ పక్కన కూర్చున్న మనిషికి 1/30, ఎఫ్/4తో మొదలుపెట్టి యాప్‌తో సరిచూసుకోండి. అనుమానం వస్తే వెలుతురు ఎక్కువ ఇవ్వండి, నెగెటివ్‌లో లేని నీడను ఎవరూ తేలేరు. ఇంకో మేలు కూడా ఉంది. ఈ రకం షట్టర్‌తో 1/500 దాకా ఏ వేగంలోనైనా ఫ్లాష్ కలుస్తుంది. మిట్టమధ్యాహ్నం కళ్ల కింద పడే నల్లటి నీడలను చిన్న ఫ్లాష్‌తో తీసేయొచ్చు.

మొదటి 12 ఫోటోలూ ఒకే పూటలో తీసి, ఒక్కోదానికి వేగం, అపర్చర్, దూరం కాగితం మీద రాసుకోండి. 1/30లో ఒకటి, 1/250లో ఒకటి, ఎఫ్/3.5లో దగ్గరిది ఒకటి, దిగంతానికి ఒకటి తప్పకుండా ఉండాలి. పన్నెండో ఫోటో తర్వాత క్రాంక్ వదులయ్యేదాకా, ఆ తర్వాత ఇంకాస్త తిప్పి, నీడలో మూత తెరిచి, రీలు వదలకుండా బిగించి పట్టుకుని కొస మడిచి జిగురు పట్టీ అంటించండి.

కడిగించే ముందు ల్యాబ్‌ను 120 కడుగుతారా అని అడగండి, చాలా ఊళ్లలో 35 మి.మీ. మాత్రమే చేస్తారు. కత్తిరించకుండా మొత్తం పట్టీ ఇమ్మనండి. ఇంట్లో అయితే ప్యాటర్సన్ ట్యాంకులో 120కి 500 మి.లీ. మందు కావాలి. హెచ్‌పీ5 ప్లస్‌ను ఐడీ-11 అనే డెవలపర్ మందులో ఒకటికి ఒకటి నీళ్లు కలిపి 20 డిగ్రీల దగ్గర 13 నిమిషాలు. మన కుళాయి నీళ్లు వేసవిలో 30 దాటుతాయి కాబట్టి సీసాలను ఐసు నీళ్ల తొట్టెలో ముందే చల్లబరచండి.

పట్టీ ఆరాక దాన్ని మీరు రాసుకున్న కాగితం పక్కన పెట్టి చదవండి. అంచు మీది కంపెనీ అక్షరాలు కూడా లేకుండా మొత్తం గాజులా ఖాళీగా ఉంటే కడగడంలోనే తప్పు జరిగింది. అక్షరాలుండి ఫ్రేములు ఖాళీగా ఉంటే షట్టర్ తెరుచుకోలేదు, లేదా ఫిల్మ్ తిరగబడింది. 1/30వి మాత్రమే నల్లగా దట్టంగా ఉంటే నెమ్మది వేగాలు మందగించాయి. అన్నీ పల్చగా ఉంటే మీ వెలుతురు కొలత తక్కువ. ప్రతి ఫ్రేములో ఒకే వైపు నల్లటి చార ఉంటే స్పాంజి పట్టీ, అంచుల్లోనే అక్కడక్కడా మచ్చలుంటే రీలు వదులుగా చుట్టుకుంది. మనిషి మసకగా ఉండి వెనక గోడ పదునుగా వస్తే ఫోకస్ సర్దుబాటు. ఫ్రేముల మధ్య ఖాళీ ఒక్కోచోట ఒక్కోలా ఉంటే, లేదా ఒకదాని మీద ఒకటి ఎక్కితే క్రాంక్ లోపలి పళ్లు జారుతున్నాయి. సర్వీసింగ్‌కి ఇచ్చేటప్పుడు కెమెరాతో పాటు ఈ నెగెటివ్ పట్టీని, మీ కాగితాన్ని కూడా చేతికివ్వండి. "పని చేయడం లేదండీ" అని చెబితే మెకానిక్ ఎక్కడ మొదలుపెట్టాలో వెతుక్కోవాలి, వీటిని చూస్తే ఏ భాగం విప్పాలో నేరుగా తెలుస్తుంది.